వాక్యంలో రెండో సగం

ఫిబ్రవరి 4

అన్నయ్యకు సలాం,

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటని కంగారుపడకు. ఇంట్లో ఫోను హాల్లో ఉంటుంది, పిన్ని చెవులు కూడా అక్కడే ఉంటాయి. ఇది వర్క్‌షాపులో కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా బల్ల మీద పొద్దున పోసిన పళ్ళ అచ్చులు ఆరుతున్నాయి. అన్నీ నోళ్ళు తెరుచుకుని, ఇదేం రాస్తోందా అని నా వైపే చూస్తున్నాయి.

మందుల షాపు అబ్బాయి సంగతి నీకు చూచాయగా చెప్పాను కదా. వాళ్ళమ్మకి పళ్ళ సెట్టు చేయించడానికి వచ్చినవాడు. మొదటిసారే అతికినట్టు సరిపోయిన సెట్టుని ‘కొంచెం వదులుగా ఉందట’ అంటూ పట్టుకొచ్చేవాడు. ఆఖరికి ఆవిడే వచ్చి, నా పళ్ళకేం కాలేదమ్మాయీ, మావాడికే ఏదో అయింది అని చెప్పి వెళ్ళింది. నిన్న వాళ్ళ నాన్నగారు, అదే లెక్కల మాస్టారు, ఇంటికొచ్చి చిన్నాన్నతో మాట్లాడారు. ఏప్రిల్లో నికా. నాన్న లేరు కాబట్టి నా తరఫున వలీగా నిలబడి, ఇమాం గారి ముందు ‘మా పిల్లని ఇస్తున్నాను’ అనాల్సింది నువ్వే. కొత్త చొక్కా కుట్టించుకో. ఆ గ్రీజు మరకల చొక్కాతో వచ్చావంటే ఊరుకోను.

ఒక చిన్న విషయం. మన వీధి చివర టైర్ల కొట్టాయన మీ ఊరు వచ్చినప్పుడు, శుక్రవారం నమాజు వేళ నువ్వు అహ్మదియ్యా వాళ్ళ మసీదులోంచి బయటికి రావడం చూశాడట. ఆ మాట మాస్టారి దాకా పోయింది. మన ప్రవక్త తర్వాత ఇంకో ప్రవక్త వచ్చాడనే వాళ్ళు కదా వాళ్ళు. మా అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు, అక్కడ ఏ మోటారో చూడ్డానికి వెళ్ళుంటాడని చెప్పాను. అంతేనని ఒక్క ముక్క రాసి పడెయ్యి, చూపిస్తాను. పని అయిపోతుంది.

నీ పిడుగు


ఫిబ్రవరి 13

పిడుగూ,

కబురు చదివి చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. పళ్ళ సెట్టు పట్టుకుని తిరిగినవాడు మంచివాడే అయ్యుంటాడు. నాన్న ఉంటే అతన్ని కూర్చోబెట్టి ఏమేం అడిగేవాడో అన్నీ నేను అడగాలనుకున్నాను. ఆ తర్వాత రెండో పేజీ చదివాను.

మోటారు బాగుచేయడానికి వెళ్ళలేదురా. నమాజుకే వెళ్ళాను. ఏడాదిన్నరగా వెళుతున్నాను. నిరుడు వాళ్ళలో చేరినట్టు ప్రమాణం కూడా చేశాను.

నీకెలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళు నాన్చాను. నిరుటి ముందు ఏడాది నేను సెలవు దొరకలేదని పండక్కి రాకుండా ఉండిపోయాను కదా, సెలవు దొరక్క కాదు. మోటారు గది నిచ్చెన మీంచి పడి భుజం ఎముక విరిగింది. పై వాటాలో ఉండే పుస్తకాల బైండింగు చేసే ముసలాయన, ఆయన భార్య నన్ను చూసుకున్నారు. అన్నం కలిపి పెట్టారు, తల దువ్వారు. వాళ్ళు అహ్మదీలని నాకు చాలా రోజుల వరకూ తెలియదు. తెలిశాక వాదించాను. ఆయన నాతో వాదించలేదు, పుస్తకాలిచ్చాడు.

నీకు తెలిసింది ఒక్క ముక్కే కాబట్టి మిగతాదీ చెబుతాను. నూరేళ్ళ పైమాట. అన్ని మతాల వాళ్ళూ వీధుల్లోనూ పత్రికల్లోనూ ఒకరితో ఒకరు వాదులాడుకునే రోజులు. ఇస్లాం తరఫున వాదించి పేరు తెచ్చుకున్న ఒక భూస్వామి కొడుకు, తనకు దేవుడి పలుకు వినిపిస్తోందన్నాడు. లోకాన్ని సరిదిద్దడానికి రావలసిన మసీహ్, మహదీ తనేనన్నాడు. క్రైస్తవులు యేసు అనే ఈసా ప్రవక్త ప్రాణాలతో ఆకాశానికి వెళ్ళలేదనీ, శిలువ మీద చనిపోకుండా బయటపడి, తూర్పు దేశాలకు వెళ్ళి, ముసలితనంలో అందరిలాగే కన్నుమూశారనీ అన్నాడు. తిరిగి వస్తారన్నది ఆయన కాదు, ఆయన లాంటి ఇంకొకరు అన్నాడు. ఈ కాలంలో మతం కోసం చేసే పోరు కత్తితో కాదు, కలంతో అన్నాడు. అసలు గొడవ ‘ప్రవక్త’ అన్న మాట దగ్గరే. కొత్త చట్టం తేని, మన ప్రవక్తకు నీడలాంటి ప్రవక్త రావచ్చని మా వాళ్ళంటారు. ఏ రకంగానూ వీల్లేదని మిగతా ముస్లింలు అంటారు. ఆయన పోయాక, మొదటి వారసుడూ పోయాక, అనుచరులే రెండుగా చీలిపోయారు. ఒక చిన్న శాఖ ఆయన్ని సంస్కర్త అంటుంది కానీ ప్రవక్త అనదు.

ఇదంతా నిన్ను మార్చడానికి రాయడం లేదు. వేరేవాళ్ళ నోట వినేకంటే నా నోట వినాలని. ఇప్పుడేం చేద్దాం?

అన్నయ్య


ఫిబ్రవరి 22

అన్నయ్యా,

మసీహ్ సంగతి తర్వాత. భుజం విరిగితే నాకు చెప్పవా? ఎవరో పరాయి ఆవిడ నీకు తల దువ్వుతుంటే, ఇక్కడ నేను నువ్వు రాలేదని అలిగి కూర్చున్నానా? నువ్వప్పుడు రాసిన ఉత్తరం బాగా గుర్తుంది. ‘చేతి నిండా పని’ అని. ఏ చెయ్యి అది, విరిగినదా బాగున్నదా?

సరే. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు పని సాగలేదు. ఒక డాక్టరు గారు పంపిన అచ్చు పాడుచేసి చీవాట్లు తిన్నాను. మైనం కరిగించడం మర్చిపోయి కూర్చున్నాను. రోడ్డు మీద ఎవరైనా నా వైపు చూస్తే తెలిసిపోయిందేమో అనిపిస్తోంది.

మా వర్క్‌షాపు వాకిట్లోనే మాస్టారు ఎదురుపడి సూటిగా అడిగారు. ఏం చెప్పమంటావు? నువ్వు రాసిన చిన్న శాఖ గుర్తొచ్చింది. మా అన్నయ్య వెళ్ళే మాట నిజమే గానీ, ఆయన్ని ప్రవక్త అనని వాళ్ళతో వెళతాడండీ అన్నాను. ఆయన ముఖం కొంచెం తేటపడింది. అలా అయితే ఆలోచిద్దామన్నారు. నువ్వు అదే కదా? నీ ఉత్తరంలో ఆ వాక్యం మీదే ఆగావు, అంటే అదేననుకున్నాను.

ఇంకోటి. పిన్ని అంటోంది, వాళ్ళు మన ఇమాంల వెనక నమాజు చదవరట, మనల్ని ముస్లింలుగానే లెక్కపెట్టరట. నిజమేనా? నేను నీ లెక్కలో ఎవర్ని?

పిడుగు


మార్చి 3

పిడుగూ,

నేను ఆ శాఖవాణ్ణి కాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని రెండు వైపులా రాశాను, అది నీ చేతిలో ఇలా పడుతుందనుకోలేదు. నేను ఆయన వారసుడైన ఖలీఫా మాట వినే పెద్ద శాఖలోనే ప్రమాణం చేశాను. ఆయన్ని ప్రవక్తనే అంటాను, మన ప్రవక్త కాళ్ళ దగ్గరి ప్రవక్త అని. దయచేసి నా కోసం అబద్ధం ఆడకు. ఒకటి నిలబెట్టడానికి ఇంకోటి ఆడాలి, నీకు ముందే నిద్ర పట్టదు.

నువ్వడిగినది. అవును, ఆయన్ని అబద్ధాలకోరు అనేవాళ్ళ వెనక మేం నమాజు చదవం. మా వాళ్ళలో ఒకప్పుడు మిగతావాళ్ళ గురించి గట్టి మాటలన్నవాళ్ళూ ఉన్నారు, మమ్మల్ని అన్నవాళ్ళు ఉన్నట్టే. నేను మాత్రం, విశ్వాసం చాటే కలిమా చదివేవాళ్ళని కాదనడానికి నేనెవర్ని అనుకుంటాను. నా లెక్కలో నువ్వు నా చెల్లెలివి. అంతకు మించి లెక్కలు నాకు రావు.

ఇక్కడ కూడా బాగాలేదు. పోయిన వారం మా మసీదు తలుపు మీద ఎవరో నల్లరంగు పోశారు. ఇంటి యజమాని కిందికి పిలిచి, నీమీద నాకేం కోపం లేదు బాబూ, కానీ వేరే చోటు చూసుకో అన్నాడు. కంపెనీలో నన్ను నలుగురూ తిరిగే భవనాలకు పంపడం మానేసి గోడౌన్లకు పంపుతున్నారు. ఇవన్నీ నీ గుమ్మం దాకా రావడం నాకిష్టం లేదు. అందుకని ఆలోచించి చెబుతున్నాను. నేను నికాకి రాను. చిన్నాన్నని వలీగా నిలబడమను. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

అన్నయ్య


మార్చి 4

అన్నయ్యా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను, ఆగలేక. దారి దొరికింది. ఇమాం గారు రెండు శాఖలూ తనకి ఒకటేనన్నారట. అయితే మాస్టారే ఒక మాట చెప్పారు. నికా రోజు అందరి ముందూ నువ్వు ఒక్క వాక్యం అంటే చాలు: ‘మన ప్రవక్త తర్వాత ఏ రకమైన ప్రవక్తా రాడు, వచ్చానని చెప్పుకున్నవాడు అబద్ధాలకోరు.’ అంతే. ఆ తర్వాత ఎవరూ నిన్నేమీ అడగరు. పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకుంటానన్నారు.

ఒక్క వాక్యం అన్నయ్యా. నీ మనసులో ఏముందో దేవుడికి తెలుసు. నోటితో ఎన్ని అనం? చిన్నప్పుడు నన్ను కాపాడటానికి అమ్మతో ఎన్ని కోతలు కోసేవాడివి. ఇదీ అలాంటిదే అనుకో. అబ్బాయి పాపం నాన్నకీ నాకూ మధ్య నలిగిపోతున్నాడు. షాపులో మందులు తారుమారు చేస్తాడేమోనని నాకింకో భయం.

వెంటనే రాయి. పోస్టు కోసం కాచుకుని ఉంటాను.

నీ పిడుగు


మార్చి 11

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చింది. ‘నేను నికాకి రాను’ అన్న చోటు దాకా చదివి మడిచి పెట్టేశాను, మిగతాది మర్నాడు చదివాను.

నేను నిన్ను ఒక వాక్యం అడిగితే, నువ్వు నాకు వేరే వాక్యం పంపావు. ఇబ్బంది ఉండదన్నావు. ఎవరికి? అమ్మ పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఇక నీకు అన్నీ నేనే అన్నవాడివి నువ్వే. ఎవరో నూరేళ్ళ కిందటి మనిషి కోసం నన్ను చిన్నాన్నకి అప్పజెప్పేశావు. ఆయన మంచివాడే, కాదనను. కానీ ఆయన నాకు అన్నయ్య కాడు.

చిన్నాన్న ఒప్పుకున్నాడు. నువ్వు రావని మాస్టారికి చెప్పేశాను. ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఊపిరి ఆడటం లేదు.

నీ చెల్లెలు


మార్చి 18

నా బంగారు తల్లీ,

తప్పుగా అర్థం చేసుకున్నావురా. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. మాస్టారి వాక్యం గురించి తెలియకముందు రాసిన మాట అది. నేనొస్తే నీకు చెడు జరుగుతుందనే రానన్నాను. నువ్వు అక్కర్లేక కాదు.

నీ రెండు ఉత్తరాలూ జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాను. గోడౌను మీద మోటారు గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. లిఫ్టు ఆపేసి, తలుపు మూసి, ఆ వాక్యం పైకి అని చూశాను. మొదటి సగం తడబడుతూనే అయినా వచ్చింది. ప్రవక్తలకు ముద్ర మన ప్రవక్తేనని మేమూ అంటాం, ముద్ర అంటే మీకు ముగింపు, మాకు ఆమోదం. ఆ అర్థం కడుపులో దాచుకుని అనేశాను. రెండో సగం రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. అబద్ధాలకోరు అనబోతుంటే నాకు ఎప్పుడూ చూడని ఆ మనిషి కాదు, నా నోటికి ముద్ద అందించిన బైండింగు తాత కళ్ళముందు నిలబడ్డాడు. కింద ఎవరో లిఫ్టు కోసం తలుపు బాదుతున్నారు. నేను చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

అయినా నువ్వు భయపడకు. వస్తాను. ఆ వాక్యం అంటాను, రెండు సగాలూ. అన్న తర్వాత నా మొహం నేను చూసుకోగలనో లేదో, తాతకి ఏమని చెప్పాలో అది నా బాధ. నీ పెళ్ళిలో నీ వలీగా నిలబడతాను. మాస్టారికి చెప్పు.



నీ అన్నయ్య


మార్చి 27

అన్నయ్యా,

నువ్వు ఆ మాట అనొద్దు.

నీ ఉత్తరం పట్టుకుని మాస్టారి దగ్గరికే బయలుదేరాను, అన్నయ్య ఒప్పుకున్నాడని చెప్పడానికి. నడుస్తూ ఇంకోసారి చదివాను. నా వల్ల నువ్వు తలుపు మూసుకుని చెమటలు కక్కుతున్నావు. అడుగు ముందుకు పడలేదు. నడక మసీదు వైపు తిప్పాను. దారిలో ఇంటి దగ్గర ఆగి పిన్నిని తోడు రమ్మన్నాను. ఆవిడ దారంతా సణుగుతూనే వచ్చింది, కానీ వచ్చింది.

ఇమాం గారు వరండాలో కూర్చుని పాత చాపలు కుడుతున్నారు. మాస్టారినీ పిలిపించారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చిన్న శాఖ అన్నది నేనాడిన అబద్ధమనీ, నువ్వు పెద్ద శాఖవాడివనీ, ఆ వాక్యం నా కోసం అంటానన్నావు గానీ మనసులో ఉండి కాదనీ. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మనసులో ఏముందో మనకెందుకమ్మా, నలుగురి ముందు అంటే చాలు కదా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నలుగురంటే భయం ఆయనకి.

ఇమాం గారు సూది కింద పెట్టారు.

“మాస్టారూ, మన ప్రవక్తే ఆఖరి ప్రవక్త అన్న మాట నాకు ప్రాణం. నేను పోయేటప్పుడు నా నోట ఉండాలని కోరుకునే మాట. దాన్ని ఒక మనిషి చేత బలవంతంగా అనిపిస్తే, నా మాటకే అవమానం.”

తర్వాత నా వైపు తిరిగి, “అమ్మా, నా దృష్టిలో మీ అన్నయ్య మనలోంచి బయటికి వెళ్ళిపోయాడు. అతను వలీగా ఉంటే నేను నికా చదవలేను. అది నా ఇష్టానికి సంబంధించినది కాదు. వరసలో అన్నయ్య తర్వాత చిన్నాన్న ఉన్నాడు, అది సరిపోతుంది” అన్నారు. మెత్తగానే అన్నారు. అయినా గుండెలో గుచ్చుకుంది.

మాస్టారు ఒక షరతు పెట్టారు. నువ్వు పెళ్ళి హాలు గడప దాటి లోపలికి రాకూడదు. అబ్బాయి ఆ సాయంత్రం వర్క్‌షాపుకి వచ్చాడు. ‘నాన్న లేనప్పుడు మీ అన్నయ్య మన ఇంటికి రావచ్చు’ అన్నాడు. నాన్న ఉన్నప్పుడు రావచ్చని అనగలిగే రోజు వస్తుందా అని అడిగాను. ‘చూద్దాం’ అంటూ బల్ల మీది అచ్చుల్ని వరసగా సర్దాడు. అతనితో బతకగలనా అని రాత్రుళ్ళు అనుకుంటున్నాను. బతకగలననే అనిపిస్తోంది, కానీ ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటాను.

అందుకని అన్నయ్యా, రా. నోరు విప్పొద్దు. హాలు ఎదురుగా జిరాక్సు షాపు ఉంది, అక్కడ నిలబడు. లోపలికి రాలేకపోయినా వీధి ఎవరి సొత్తూ కాదు.

పిడుగు


ఏప్రిల్ 15

అన్నయ్యా,

కొత్త ఇంట్లో నుంచి కాదు, వర్క్‌షాపులోనే రాస్తున్నాను. నువ్వు కూడా ఇక్కడికే రాయి. మామగారు తపాలా ముందు తను చూస్తారు.

ఆ రోజు నిన్ను చూశాను. ఆడవాళ్ళ గది కిటికీకి అడ్డంగా గుడ్డ కట్టారు. పిన్ని అటు తిరిగినప్పుడు దాన్ని ఓ పక్కకి లాగాను. కొత్త చొక్కా వేసుకున్నావు. గుండీలు తప్పు పెట్టుకున్నావు.

సాక్షులు తలుపు దగ్గరికి వచ్చి నీకు సమ్మతమేనా అని అడిగారు. పెళ్ళికూతురు తలవంచుకుని, చెప్పీ చెప్పనట్టు చెప్పాలని పిన్ని ముందే పాఠం చెప్పింది. వలీగా చిన్నాన్న గొంతు వినపడుతోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కిటికీ వైపు తిరిగి, గొంతులో ఉన్నంత బలంతో సమ్మతమే అన్నాను. పిన్ని తొడ మీద గిల్లింది, ఇంకా నల్లగా ఉంది. అత్తగారు మాత్రం పళ్ళన్నీ కనపడేలా నవ్వారు.

వినిపించిందా?

నేను బయటికి వచ్చేసరికి నువ్వు లేవు. కోపం వచ్చిందా, ఎవరైనా ఏమన్నా అన్నారా, ఏమీ తెలియక నాలుగు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

నీ పిడుగు


ఏప్రిల్ 23

పిడుగూ,

ఎవరూ ఏమీ అనలేదు. నీ ఉత్తరం ఇల్లు మారే గోలలో ఆలస్యంగా అందింది. ఊరి చివర ఒక గది దొరికింది. బైండింగు తాత కూడా అదే వీధికి మారాడు, ఆయన్నీ ఖాళీ చేయమన్నారు. నా గదికి కిటికీ ఒకటే, అది కూడా గోడ వైపు. శుక్రవారం మసీదుకి ఒక్కొక్కళ్ళం వేరే వేరే దారుల్లో వెళుతున్నాం. నీకివన్నీ చెప్పకూడదనుకుంటాను, మళ్ళీ భుజం సంగతిలా అవుతుందని చెబుతున్నాను.

నువ్వు వచ్చేసరికి నేనెందుకు లేనంటే, నికా అవగానే ఇమాం గారు బయటికి వచ్చారు. చెప్పులు వేసుకుని నేరుగా రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చారు. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. సలాం చెప్పాలా వద్దా అని ఇద్దరం తటపటాయించాం. ఆఖరికి ఆయన, భుజం ఎలా ఉందని అడిగారు. నీ పనే అనుకున్నాను. చలికి నొప్పి పెడుతుందన్నాను.

“నీ కోసం దుఆ చేస్తున్నాను, తిరిగి రావాలని” అన్నారు.

“నేనూ మీ కోసం చేస్తున్నాను” అన్నాను.

ఏమని చేస్తున్నానో ఆయనకి అర్థమైంది. ముఖం గంటు పెట్టుకుంటారనుకున్నాను. తల ఊపారు, అంతే. జనం బయటికి వచ్చేలోపు బస్సు ఎక్కెయ్యి నాయనా, ఇక్కడ అందరూ ఒకలా ఉండరన్నారు. బస్టాండు మలుపు దాకా నా పక్కన నడిచారు. చెయ్యి మాత్రం కలపలేదు. నేనూ చాపలేదు.

నువ్వు అడిగినది ఆఖరికి ఉంచాను. జిరాక్సు షాపు మెట్ల మీద నిలబడి ఉన్నాను. లోపల యంత్రం చప్పుడు. హాల్లోంచి ఏమీ వినపడటం లేదు, అసలు మొదలైందో లేదో తెలియదు. ఇంతలో పై కిటికీలోంచి ఒక్కసారిగా ఆడగొంతు ఖంగుమంది. షాపు అతను కాగితాలు వదిలేసి పరుగున బయటికి వచ్చాడు.

“ఏమైందండీ, గొడవా?” అన్నాడు.

“కాదు. మా చెల్లెలు పెళ్ళికి ఒప్పుకుంది” అన్నాను.

నీ అన్నయ్య